అర్థం నుండి వాడుకకు: ఆంగ్ల అభ్యాసక నిఘంటువుల ఆవిర్భావం, పదసంపద సమస్య

ఉపోద్ఘాతం

‘రోజుకు పది మాటల చొప్పున నిఘంటువు చూసి నేర్చుకో’ అన్నది ఇంగ్లీషు నేర్చుకొనే విద్యార్థికి తరతరాలుగా అందుతున్న సలహా. ఈ సలహా వెనుక రెండు ఊహలు దాగి ఉన్నాయి. ఒక మాట తెలియడమంటే దాని అర్థం తెలియడమే అన్నది మొదటిది. నిఘంటువు అటువంటి మాటల, అర్థాల జంటలను అకారాది క్రమంలో పేర్చిన గిడ్డంగి అన్నది రెండవది. ఇరవయ్యవ శతాబ్దపు పూర్వార్ధంలో ఆసియా ఖండంలో ఇంగ్లీషు బోధించిన కొందరు ఉపాధ్యాయులు ఈ రెండు ఊహలనూ తరగతి గదిలోనే పరీక్షించి, రెండూ చాలవని తేల్చారు. వారి అసంతృప్తి నుంచే ‘అభ్యాసక నిఘంటువు’ అన్న కొత్త గ్రంథజాతి పుట్టింది. దాని తొలి రూపాలు ఢాకా, టోక్యో నగరాలలో బోధనానుభవం నుంచి రూపుదిద్దుకోవడం గమనార్హం. ఇంగ్లీషు మాతృభాష అయినవారికి తట్టని ప్రశ్నలు అక్కడి విద్యార్థుల తప్పులలో కనిపించాయి.

ఆ నిఘంటుకారులు ఏ ప్రశ్నకు ఏ సమాధానం చెప్పారు, ఆ సమాధానాలు విద్యార్థికి ఎంతవరకు చేరాయి అన్న విషయాలను ప్రస్తుత వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగువారి ఇంగ్లీషు చదువుతో ఈ చరిత్రకు సంబంధం ఉన్న చోట్ల మాత్రమే తెలుగు ప్రస్తావన వస్తుంది.

కంఠస్థం చేసే కోశం, వెతికి చూసే నిఘంటువు

భారతీయ సంప్రదాయంలో కోశం వెతికి చూసే గ్రంథం కాదు, నోటికి రావలసిన గ్రంథం. అమరసింహుని నామలింగానుశాసనం మూడు కాండలుగా, విషయానుసారంగా విభక్తమైన శ్లోకరచన. స్వర్గవాచకాలు ఒకచోట, జలవాచకాలు ఒకచోట, వృక్షవాచకాలు మరొకచోట ఉంటాయి. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థ వర్గులుగా పద్యాలలో సాగింది. అడిదము సూరకవి ఆంధ్రనామశేషం దానికి పూరకంగా వెలసింది. పద్యం, వర్గీకరణ రెండూ ధారణకు సాధనాలు. బాల్యంలో వల్లె వేసిన శ్లోకం కావ్యపఠనంలో అక్కరకు వస్తుంది. పదం ముందు నోటికి వచ్చి, ప్రయోగం తరువాత కావ్యంలో ఎదురవుతుంది. కోశపఠనం, కావ్యపఠనం జంటగా సాగినంత కాలం ఈ పద్ధతి సార్థకంగానే ఉండేది.

ఇంగ్లీషు నిఘంటువు ఇందుకు భిన్నమైన అవసరం నుంచి వచ్చింది. 1604లో రాబర్ట్ కాడ్రీ అనే బడిపంతులు ప్రకటించిన సుమారు 2500 పదాల చిన్న పుస్తకాన్ని మొట్టమొదటి ఏకభాషా ఇంగ్లీషు నిఘంటువుగా పరిగణిస్తారు. అందులో ఉన్నవన్నీ ‘కష్టపదాలే’. లాటిన్, గ్రీకు, ఫ్రెంచి భాషల నుంచి వచ్చి సామాన్య పాఠకులను, ముఖ్యంగా లాటిన్ చదువుకు దూరంగా ఉంచబడిన స్త్రీలను తికమకపెట్టిన మాటలవి. కాడ్రీ తన పాఠకులకు అక్షరక్రమాన్ని చూడకుండా చెప్పగలిగేలా నేర్చుకొమ్మని, ‘ఎ’తో మొదలయ్యే మాట పుస్తకం ఆదిలోనూ ‘వి’తో మొదలయ్యే మాట చివరి వైపునా ఉంటుందని విడమరిచి చెప్పవలసి వచ్చింది. నిఘంటువును ఎలా చూడాలో నేర్పవలసిన అవసరం నిఘంటువుతోపాటే పుట్టిందన్న మాట.

1755లో వెలువడిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువు కష్టపదాల పరిధిని దాటి సామాన్యపదాలను కూడా నిర్వచించడానికి పూనుకొంది. అక్కడే ఒక చిక్కు బయటపడింది. ‘నెట్‌వర్క్’ అన్న తేలిక మాటను నిర్వచించడానికి జాన్సన్ ‘రెటిక్యులేటెడ్’, ‘డెకస్సేటెడ్’ అన్న మాటలు వాడాడు. వల అంటే ఏమిటో తెలిసిన పాఠకుడికి ఆ నిర్వచనం వినోదం కలిగించవచ్చు. తెలియనివాడు దాని కోసం మరో రెండు మాటలు వెతకాలి, ఆ రెండింటి కోసం మరికొన్ని. మాతృభాషీయుల కోసం రాసిన నిఘంటువులో ఇది పెద్ద లోపం కాకపోవచ్చు, ఎందుకంటే వారు తేలిక మాటల కోసం నిఘంటువు తెరవరు. అదే గ్రంథం వలస దేశాల బడులకు చేరినప్పుడు అది దాటరాని అడ్డంకి అయింది.

తెలుగునాట ద్విభాషా నిఘంటువు

తెలుగు, ఇంగ్లీషు భాషల మధ్య నిఘంటు నిర్మాణం ప్రధానంగా కంపెనీ అధికారుల అవసరాల కోసం మొదలైంది. 1821లో వెలువడిన ఎ. డి. క్యాంప్‌బెల్ తెలుగు నిఘంటువు పాలకులు ప్రజల భాష నేర్చుకోవడానికి ఉద్దేశించినదే. సి. పి. బ్రౌన్ (1798–1884) నిఘంటువులు ఈ సంప్రదాయానికి శిఖరాలు. 1852 ప్రాంతంలో వెలుగు చూసిన ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు కావ్యభాషతోపాటు వ్యవహారంలోని మాటలకూ చోటిచ్చింది. ఆయన ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు శీర్షికలోనే ఇంగ్లీషు జాతీయాలనూ పదబంధాలనూ తెలుగులో వివరిస్తామన్న మాట, ఇంగ్లీషు పదాల ఉచ్చారణ చూపుతామన్న మాట కనిపిస్తాయి. ఉచ్చారణ తెలుసుకోవలసిన అవసరం ఇంగ్లీషువాడికి ఉండదు. కాబట్టి ఇంగ్లీషు నేర్చుకొనే తెలుగువాడు అప్పటికే బ్రౌన్ దృష్టిలో ఉన్నాడని ఊహించవచ్చు. ఒంటరి పదానికి ఒంటరి పదం చూపితే చాలదని, పదబంధాన్ని చూపాలని గ్రహించడం బ్రౌన్ ప్రతిభ.

ఆ తరువాతి తరాల తెలుగు విద్యార్థులకు ఇంగ్లీషు నిఘంటువంటే ప్రధానంగా పి. శంకరనారాయణ కూర్చిన ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు. ఇంటింటి గ్రంథంగా అది చేసిన సేవ తక్కువది కాదు. అయితే ఏ ద్విభాషా నిఘంటువుకైనా ఉండే పరిమితి దానికీ ఉంది. ‘వేర్’ అన్న ఇంగ్లీషు క్రియకు ‘ధరించు’ అని అర్థం చెప్పడం సులువు. కాని తెలుగులో బట్టలు కట్టుకుంటారు, చొక్కా తొడుక్కుంటారు, చెప్పులు వేసుకుంటారు, బొట్టు పెట్టుకుంటారు, పూలు ముడుచుకుంటారు. ఇవన్నీ ఇంగ్లీషులో ఒకే క్రియతో నడుస్తాయి. తెలుగు నేర్చుకొనే విదేశీయుడు ‘ధరించు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటే అతని తెలుగు నాటకాల తెలుగవుతుంది. ఇదే చిక్కు తెలుగువాడికి రెండో వైపు నుంచి ఎదురవుతుంది. ‘చేయు’ అన్న ఒక్క క్రియ ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు తప్పుకు ‘మేక్’, ఇంటిపనికి ‘డూ’, నేరానికి ‘కమిట్’, ప్రయాణ విషయంలో మరొకటి అవుతుంది. పదానికి ఎదురుగా అర్థాన్ని రాసుకొన్న నోటుపుస్తకంలో ఈ సంగతి ఎక్కడా ఉండదు.

అమరం వల్లె వేసే అలవాటున్న సమాజంలో ఇంగ్లీషు పదాల జాబితాలను అర్థాలతో సహా వల్లె వేయడం వింతగా తోచలేదు. లోపించినదల్లా ఆ జాబితా వెనుక ఉండవలసిన కావ్యపఠనం. శ్లోకంలో వచ్చిన పదం రఘువంశంలో మళ్లీ కలిసేది. జాబితాలో వచ్చిన ఇంగ్లీషు మాట పరీక్ష తరువాత మళ్లీ కలిసే అవకాశం చాలామంది విద్యార్థులకు దొరకలేదు.

ఢాకా: తెలిసిన మాటలతో తెలియని మాట

మైఖేల్ వెస్ట్ (1888–1973) ఇండియన్ ఎడ్యుకేషనల్ సర్వీసులో చేరి బెంగాలులో పనిచేశాడు. ఢాకా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ప్రధానాచార్యుడయ్యాడు. 1926లో బెంగాలు పరిస్థితులను ప్రత్యేకంగా తీసుకొని ద్విభాషిత్వంపై ఆయన ప్రకటించిన గ్రంథం ఒక చేదునిజాన్ని గుర్తించింది. బడిలో చేరిన పిల్లలలో చాలామంది కొన్నేళ్లకే చదువు మానేస్తారు. అంతవరకు వారు నేర్చిన ఇంగ్లీషు దేనికీ పనికిరాని స్థితిలో ఆగిపోతుంది. ఎప్పుడు ఆపినా అంతవరకు నేర్చినది ఉపయోగపడేలా చదువు సాగాలంటే చదివి అర్థం చేసుకొనే శక్తి ముందుగా రావాలని వెస్ట్ వాదించాడు. అందుకోసం వాచకాలలో అరుదైన, సాహిత్యపరమైన మాటలను తీసివేసి వాటికి బదులు తరచుగా వాడే మాటలు పెట్టాడు. ఒక కొత్త మాటకూ మరో కొత్త మాటకూ నడుమ ఎడం పెంచాడు. వచ్చిన మాట మళ్లీ మళ్లీ తారసపడేలా చూశాడు.

ఏ మాటలు తరచైనవి అన్న ప్రశ్నకు అప్పటికే ఒక ఆధారం ఉంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1921లో పదివేల పదాల పౌనఃపున్య పట్టికను ఉపాధ్యాయుల కోసం ప్రచురించాడు. యంత్రాలు లేని కాలంలో లక్షలాది మాటలను చేతితో లెక్కించిన శ్రమ అది. వెస్ట్ ఆ లెక్కను గౌరవించాడు, కాని లెక్కకే కట్టుబడలేదు. ఒక మాట ఎన్నిసార్లు వస్తుందన్నదే కాక, దానితో ఇంకెన్ని మాటలను వివరించవచ్చు అన్నది కూడా ఆయన దృష్టిలో ముఖ్యం.

ఆ రెండో ప్రశ్నకు జవాబుగా 1935లో జె. జి. ఎండికాట్‌తో కలిసి వెస్ట్ ప్రకటించినది న్యూ మెథడ్ ఇంగ్లీష్ డిక్షనరీ. దాదాపు 24,000 పదాలనూ పదబంధాలనూ కేవలం 1490 మాటల పరిధిలో నిర్వచించిన గ్రంథమది. ఆ 1490 మాటలు వచ్చిన విద్యార్థి నిఘంటువు మొత్తాన్ని మరొకరి సహాయం లేకుండా చదువుకోగలడు. జాన్సన్ ‘నెట్‌వర్క్’లో తగిలిన చిక్కుకు 180 ఏళ్ల తరువాత లభించిన విరుగుడు ఇది. ఇందులో పైకి కనిపించని లాభం మరొకటి ఉంది. తెలియని మాట కోసం నిఘంటువు తెరిచిన ప్రతిసారీ విద్యార్థి ఆ 1490 మాటలలో కొన్నింటిని కొత్త సందర్భంలో మళ్లీ చదువుతాడు. వెతికిన మాట మరిచిపోయినా మూలపదాల మీద పట్టు పెరుగుతుంది. ఏకభాషా నిఘంటువు పదసంపదను ఎలా పెంచుతుందన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి సమాధానం అరుదు.

అదే కాలంలో సి. కె. ఆగ్డెన్ 1930లో ప్రతిపాదించిన బేసిక్ ఇంగ్లీషు 850 మాటలతోనే సమస్త వ్యవహారం నడపవచ్చునంది. రెంటినీ ఒకే గాటన కట్టడం పొరపాటు. ఆగ్డెన్ పరిమితి గమ్యం, వెస్ట్ పరిమితి మెట్టు. బేసిక్ పదాల సంఖ్యను కుదించడానికి క్రియలను దాదాపు తుడిచిపెట్టింది. పోయిన క్రియల భారం ‘గెట్’, ‘పుట్’, ‘టేక్’ వంటి చిన్న మాటల కలయికల మీద పడింది. విదేశీ విద్యార్థికి అన్నింటికంటే కష్టమైనవి సరిగ్గా ఆ కలయికలే. అయితే వెస్ట్ నిఘంటువులోనూ ఈ బలహీనత ఛాయ లేకపోలేదు. నిర్వచనపదం ఒకటే అయినా దాని అర్థాలు అనేకం. 1490 మాటలు తెలుసు అనడం వాటి అర్థాలన్నీ తెలుసు అనడం కాదు. వెస్ట్ దీనిని గుర్తించాడనడానికి 1953లో ఆయన వెలువరించిన జనరల్ సర్వీస్ లిస్ట్ సాక్ష్యం. సుమారు 2000 మాటల ఆ పట్టికలో ఒక్కొక్క మాటకు ఏ అర్థం ఎంత శాతం వాడుకలో ఉందో విడివిడిగా చూపారు. ఏ మాట నేర్చుకోవాలన్న ప్రశ్నకు, ఆ మాటలో ఏ అర్థం ముందు నేర్చుకోవాలన్న ప్రశ్న తోడైంది.

నిర్వచన పదావళి అన్న భావన వెస్ట్‌తో ఆగలేదు. 1978లో పాల్ ప్రాక్టర్ సంపాదకత్వాన వెలువడిన లాంగ్‌మన్ నిఘంటువు సుమారు 2000 మాటల పదావళితో నిర్వచనాలన్నీ రాసింది. నేడు ప్రముఖ అభ్యాసక నిఘంటువులలో అధికభాగం ఏదో ఒక రూపంలో ఈ నియమాన్ని పాటిస్తున్నాయి.

టోక్యో: ఆకాంక్షల నిఘంటువు

వెస్ట్ దృష్టి చదవడం మీద ఉంటే, జపానులో పనిచేసిన హెరాల్డ్ పామర్ (1877–1949) దృష్టి మాట్లాడడం, రాయడం మీద ఉంది. 1922లో జపాను విద్యాశాఖకు భాషాబోధన సలహాదారుగా వెళ్లిన పామర్ మరుసటి ఏడాది టోక్యోలో ఆంగ్లబోధన పరిశోధన సంస్థను స్థాపించాడు. పదాల ఎంపికపై పనిచేస్తున్న కొద్దీ ఆయనకు ఒక సంగతి స్పష్టమైంది. అభ్యాసకుడిని ఇబ్బంది పెట్టేవి విడిమాటలకంటే విడదీయరాని మాటల గుంపులు. 1933లో ప్రచురితమైన పదసాహచర్యాల నివేదిక ఈ పరిశీలన ఫలితం. ఆ పనిలో ఆయనకు తోడ్పడినవాడు 1924లో క్యూషూ ద్వీపంలోని ఒయితాలో అధ్యాపకుడిగా చేరిన ఎ. ఎస్. హార్న్‌బీ. పామర్ 1936లో జపాను విడిచి వెళ్లాడు. 1938లో ఆయన ప్రకటించిన గ్రామర్ ఆఫ్ ఇంగ్లీష్ వర్డ్స్ కేవలం వెయ్యి మాటలను తీసుకొని, ఒక్కొక్క మాటకు ప్రత్యేక వ్యాకరణం ఉంటుందన్నట్టుగా దాని వాక్యస్వభావాన్ని చూపింది.

హార్న్‌బీ, ఇ. వి. గేటెన్‌బీ, హెచ్. వేక్‌ఫీల్డ్ కలిసి కూర్చిన ఇడియొమాటిక్ అండ్ సింటాక్టిక్ ఇంగ్లీష్ డిక్షనరీని టోక్యోలోని కైతాకుషా సంస్థ 1942లో ప్రచురించింది. పెర్ల్ హార్బర్ దాడి జరిగి అప్పటికి ఎన్నో నెలలు కాలేదు. శత్రుదేశస్థుడిగా నిర్బంధానికి గురైన హార్న్‌బీ ఆ ఏడాదే ఖైదీల మార్పిడిలో స్వదేశం చేరాడు. ఇంగ్లండుతో యుద్ధం చేస్తున్న దేశంలో ఒక ఇంగ్లీషు నిఘంటువు అచ్చయి బయటకు రావడం నిఘంటు చరిత్రలోని విచిత్రాలలో ఒకటి. 1948లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం అదే పుస్తకాన్ని ఛాయాముద్రణ పద్ధతిలో మళ్లీ అచ్చువేసింది. 1952లో దాని పేరు అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీగా మారింది. ప్రపంచమంతటా పేరుకెక్కిన ఆక్స్‌ఫర్డ్ అభ్యాసక నిఘంటువు ఇదే.

ఈ గ్రంథం చేసిన కొత్త పనిని భారతీయ శాస్త్రపరిభాషలో చెప్పడం సులువు. వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కారణాలని మన తార్కికులు చెప్పారు. ‘తెచ్చాడు’ అనగానే ఎవరు, దేనిని అన్న అపేక్ష పుడుతుంది. అదే ఆకాంక్ష. హార్న్‌బీ ఇంగ్లీషు క్రియల ఆకాంక్షలను 25 నమూనాలుగా వర్గీకరించి, ప్రతి క్రియ పక్కన అది ఏ నమూనాలలో నడుస్తుందో సంఖ్యతో సూచించాడు. నామవాచకాలలో లెక్కించదగినవి, లెక్కించరానివి అన్న భేదాన్ని గుర్తులతో చూపాడు. రెండు భావనలూ పూర్తిగా ఒకటే కాకపోయినా, క్రియ తన వెంట వాక్యాన్ని తెచ్చుకుంటుందన్న మూలదృష్టి సమానం.

తెలుగు విద్యార్థి చేసే తప్పులను ఈ దృష్టితో చూస్తే వాటిలో చాలావాటికి మూలం విభక్తులలో కనిపిస్తుంది. ‘నాకు వివరించాడు’ అన్న విభక్తి అలవాటు వల్ల ‘ఎక్స్‌ప్లెయిన్డ్ మీ’ అన్న ప్రయోగం వస్తుంది. అక్కడ ‘టు’ ఉండాలి. ‘ఊరికి చేరాడు’ అన్న అదే విభక్తి ‘రీచ్డ్ టు’ అనిపిస్తుంది. అక్కడ ‘టు’ ఉండకూడదు. ‘దాని గురించి చర్చించారు’ కనుక ‘డిస్కస్డ్ అబౌట్’, ‘ఆమెతో పెళ్లయింది’ కనుక ‘మ్యారీడ్ విత్’ వస్తాయి. ‘సామాన్లు’, ‘సలహాలు’ తెలుగులో బహువచనాలే కనుక ‘ఫర్నిచర్స్’, ‘అడ్వైసెస్’ పుడతాయి. ఈ విద్యార్థులకు అర్థం తెలియక కాదు. ‘డిస్కస్’ అంటే చర్చించడమని అందరికీ తెలుసు. తెలిసిన మాటే కనుక నిఘంటువు తెరవరు. తెరవరు కనుక ఆ క్రియకు నేరుగా కర్మ వస్తుందన్న సంగతి అక్కడ రాసి ఉన్నా కళ్లబడదు. హార్న్‌బీ నిఘంటువు అత్యధికంగా ఉపయోగపడేది తెలియని మాటలకంటే తెలిసిన మాటలకే. ఈ విషయం ఉపాధ్యాయుడు చెబితే తప్ప విద్యార్థికి తట్టదు.

ఆ చెప్పడం ఎంతవరకు జరిగింది? 1950ల దశకంలో మద్రాసు రాష్ట్రంలో వాక్యనిర్మాణ ప్రధానమైన పాఠ్యప్రణాళిక అమలులోకి వచ్చింది. 1954లో హార్న్‌బీ ప్రకటించిన వాక్యనమూనాల మార్గదర్శి ఆ కాలపు ఉపాధ్యాయ శిక్షణకు ఊతమిచ్చిన గ్రంథాలలో ఒకటి. 1958లో హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్ల సంస్థ ఏర్పడింది. అదే తరువాత విదేశీ భాషలను కూడా కలుపుకొని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఈ విధంగా నమూనాలు పాఠ్యపుస్తకాలలోకి, నల్లబల్ల మీదికి వచ్చాయి. వాటిని ప్రతి క్రియకూ అన్వయించి చూపిన నిఘంటువు మాత్రం బీరువాలో సంప్రదింపు గ్రంథంగానే మిగిలిపోయింది. బళ్లలో నిఘంటువు చూడడం ఒక పాఠంగా కాక ఒక ఆజ్ఞగా ఉండిపోయింది. మన ఆంగ్లబోధన చరిత్రలో జారవిడిచిన అవకాశాలలో ఇది ముఖ్యమైనదని చెప్పక తప్పదు.

బర్మింగ్‌హామ్: వాడుక సాక్ష్యం

హార్న్‌బీ ఉదాహరణ వాక్యాలు బోధనానుభవంతో సంపాదకులు అల్లినవి. జాన్ సింక్లెయర్ (1933–2007) దీనికి అభ్యంతరం తెలిపాడు. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం, కాలిన్స్ ప్రచురణ సంస్థ 1980లో చేపట్టిన కోబిల్డ్ ప్రాజెక్టులో లక్షలాది మాటల వాస్తవ వాడుకను కంప్యూటరులో చేర్చి, ప్రతి మాట ఏ పొరుగు మాటలతో కనిపిస్తోందో పరిశీలించారు. 1987లో వెలువడిన నిఘంటువు నిర్వచనాలను పూర్తి వాక్యాలుగా రాసింది. ‘మీరు ఒక పని ఇలా చేస్తే’ అన్న ధోరణిలో నిర్వచిస్తే పదం అర్థంతోపాటు దాని వాక్యనిర్మాణం కూడా నిర్వచనంలోనే తెలిసిపోతుంది. సంఖ్యలు, గుర్తులు గుర్తుపెట్టుకోవలసిన భారం తగ్గుతుంది.

అంతర్బుద్ధికి అందని విషయాలు ఈ సాక్ష్యంలో బయటపడ్డాయి. ‘బ్యాక్’ అనగానే ఎవరికైనా ముందు వీపు తడుతుంది, పాత నిఘంటువులూ దానికే ముందు స్థానమిచ్చాయి. వాడుకలో మాత్రం ‘తిరిగి, వెనుకకు’ అన్న అర్థానిదే పెద్ద పాలు. ‘సెట్ ఇన్’ అన్న క్రియకు ‘మొదలై స్థిరపడు’ అని అర్థం చెప్పవచ్చు. సింక్లెయర్ చూపినదేమంటే, అలా మొదలయ్యేవి సాధారణంగా కుళ్లు, నిరాశ, క్షీణత వంటి అవాంఛనీయాలు. ఇక్కడ ఒక చిన్న భేదం గమనించదగింది. మన దేశపు ఇంగ్లీషు పత్రికలలో ఏటా ఇదే క్రియ నైరుతి రుతుపవనాలతో కలిసి కనిపిస్తుంది. వాన కోసం ఎదురుచూసే రైతుకు అందులో అశుభం ఏమీ లేదు. ఏ దేశపు వాడుకను సాక్ష్యంగా తీసుకున్నామన్నది కూడా నిఘంటువు స్వభావాన్ని నిర్ణయిస్తుంది.

విద్యార్థి ఏమి చూస్తున్నాడు

నిఘంటువులు ఇంతగా మారుతుండగా వాటిని తెరిచేవారు ఏం చేస్తున్నారన్న ప్రశ్న ఆలస్యంగా మొదలైంది. 1981లో హెన్రీ బెజ్వాఁ ఫ్రాన్సులోని ఆంగ్ల విద్యార్థులపై జరిపిన అధ్యయనంలో వారు ప్రధానంగా అర్థం కోసమే నిఘంటువు చూస్తున్నారని, వ్యాకరణ సంకేతాలను చాలామంది పట్టించుకోవడం లేదని తేలింది. హార్న్‌బీ జీవితకాలపు శ్రమ ఆ సంకేతాలలోనే ఉంది. 1974 నాటి మూడవ ముద్రణలో అవి మరింత విస్తరించాయి. చివరకు 1989లో ఎ. పి. కౌవీ సంపాదకత్వాన వచ్చిన నాలుగవ ముద్రణ నమూనా సంఖ్యలను వదిలి, చూడగానే వ్యాకరణవర్గం స్ఫురించే అక్షరాలను ప్రవేశపెట్టింది.

అర్థం మాత్రమే చూడడం వల్ల కలిగే అనర్థానికి 1987లో జార్జ్ మిల్లర్, పెట్రీషియా గిల్డియా ప్రకటించిన వ్యాసం మరపురాని నిదర్శనం. వారు పరిశీలించినవారు అమెరికాలో బడిపిల్లలు. ‘ఇరోడ్’ అన్న మాటకు నిఘంటువులో ‘ఈట్ అవుట్’ అన్న వివరణ చూసిన ఒక పిల్ల తమ కుటుంబం తరచుగా ‘ఇరోడ్’ అవుతుందని రాసింది. నేల కోతకు గురికావడం అన్న అర్థం, హోటలులో తినడం అన్న మరో అర్థంతో కలిసిపోయింది. పిల్ల తర్కంలో దోషం లేదు. నిర్వచనంలో పరిచయమైన ముక్కను పట్టుకొని, ఆ ముక్కతో తనకు తెలిసిన వాక్యం కట్టి, అందులో కొత్త మాటను ఇరికించింది. ఉదాహరణ వాక్యం చూడకుండా అర్థం పట్టుకొనే ప్రతి అభ్యాసకుడూ చేసేది ఇదే.

అయితే నిఘంటువు చూడకుండా సందర్భాన్ని బట్టి ఊహించడమే మేలన్న వాదం కూడా నిలవలేదు. 1993లో స్టూవర్ట్ లుపెస్కు, రిచర్డ్ డే జపాను విశ్వవిద్యాలయ విద్యార్థులపై చేసిన పరిశోధనలో ద్విభాషా నిఘంటువు చూస్తూ కథ చదివినవారు కొత్త మాటలను ఎక్కువగా నిలుపుకొన్నారు. అందుకు వారికి దాదాపు రెట్టింపు సమయం పట్టింది. అనేక అర్థాలున్న మాటల దగ్గర కొందరు నిఘంటువు వల్లనే తికమకపడ్డారు కూడా. 1997లో బాట్యా లౌఫర్, హదర్ ఇంగ్లీషు వివరణ, మాతృభాషార్థం రెండూ పక్కపక్కన ఉన్న నిఘంటువును విడి నిఘంటువులతో పోల్చి చూశారు. ఆ ఉభయరూప నిఘంటువు మిగిలిన వాటితో సమానంగానో అంతకంటే మిన్నగానో ఉపకరించింది. ఏకభాషా, ద్విభాషా పక్షాల మధ్య దశాబ్దాల పాటు సాగిన వాదానికి ఇది మధ్యేమార్గం చూపింది. ఇంగ్లీషు–ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులకు శాస్త్రీయమైన సమర్థన ఇక్కడ దొరుకుతుంది. తెలుగు అర్థం పట్టు ఇస్తుంది, ఇంగ్లీషు వివరణ హద్దు చూపుతుంది, ఉదాహరణ నడక నేర్పుతుంది.

మాట మనసులో నిలవడానికి కారణాలను 2001లో లౌఫర్, యాన్ హుల్‌స్టైన్ మూడుగా విడదీశారు. ఆ మాట అవసరం కావడం మొదటిది, దాని కోసం వెతకడం రెండవది, దొరికిన అర్థాలలో ప్రస్తుత సందర్భానికి ఏది తగునో తూచడం మూడవది. నిఘంటువు వల్ల పదసంపద పెరగడమంటే ఆచరణలో ఈ మూడవ పని చేయడమే. చదువుతున్న వాక్యంలో ఆ మాట నామమా క్రియా అని ముందు నిర్ణయించుకోవాలి. ఒక అర్థం ఊహించుకొని ఆ తరువాతే పేజీ తెరవాలి. మొదటి అర్థం దగ్గర ఆగక చివరిదాకా చదవాలి. పక్కనున్న ఉపసర్గను, సాహచర్యాన్ని గమనించి, అర్థాన్ని కాక ఆ పదబంధాన్ని మొత్తంగా రాసుకోవాలి. రోజుకు పది మాటలకు ఇలా చేయడం ఎవరికీ సాధ్యం కాదు. రెండు మూడు మాటలకు సాధ్యం. మిగిలినవాటిని దాటిపోవడమే వివేకం, ఎందుకంటే ఎదురైన ప్రతి మాటా నేర్చుకోదగినది కాదు. ఏది నేర్చుకోదగినదో చెప్పడానికే 2005 నాటి ఆక్స్‌ఫర్డ్ ముద్రణ మూడువేల ముఖ్యపదాలకు గుర్తు పెట్టింది. థార్న్‌డైక్, వెస్ట్ మొదలుపెట్టిన లెక్కకు అది వారసత్వం.

చేతిఫోను వచ్చాక వెతకడం ఒక వేలిస్పర్శగా కుదించుకుపోయింది. తెర మీద ముందుగా కనిపించేది ఒకే అర్థం, ఒకే వరుస. నమూనాలు, ఉదాహరణలు దాని కింద ఉంటాయి. అవి చూడాలంటే తెరను పైకి జరపాలి. బెజ్వాఁ పరిశీలించిన విద్యార్థులు కాగితం మీద వదిలేసిన భాగమే ఇక్కడ కంటికి కనిపించకుండా పోయింది. మరోవైపు స్థలాభావం అన్న పాత నిర్బంధం తొలగడంతో నిఘంటుకారులు సంకేతాలను విప్పి, ఉదాహరణలను పెంచి, ఉచ్చారణను వినిపించగలుగుతున్నారు. బ్రౌన్, శంకరనారాయణల నిఘంటువులు ఆంధ్రభారతి వంటి జాలస్థలాలలో ఇతర కోశాలతోపాటు ఒకే వెతుకులాటలో దొరుకుతున్నాయి. ఒక మాటకు ఇద్దరు నిఘంటుకారులు ఇచ్చిన అర్థాలను పక్కపక్కన తూచి చూసే వీలు మునుపటి తరాలకు లేదు.

మైఖేల్ రండెల్ సంపాదకత్వంలో 2002లో వెలువడిన మాక్‌మిలన్ అభ్యాసక నిఘంటువు 7500 ముఖ్యపదాలను ఎర్ర అక్షరాలలో ముద్రించి, ఒకటి నుంచి మూడు నక్షత్రాలతో వాటి పౌనఃపున్యాన్ని చూపింది. 2012లో ఆ సంస్థ ఇకపై నిఘంటువులను కాగితం మీద అచ్చువేయబోమని ప్రకటించింది. జాలంలోని దాని రూపం 2023లో మూతపడింది. ఎర్ర అక్షరాలు, నక్షత్రాలు ఉన్న పాత అచ్చుప్రతులు కొన్ని గ్రంథాలయాలలో ఇంకా ఉన్నాయి.